అమావాస్య నాడు కదలని గోడ

పొద్దున లేవగానే మా వీధిలో అందరూ నల్లా వచ్చిందా అని చూస్తారు. నేను భూమి ఎక్కడ కదిలిందా అని చూస్తాను. ఫోన్‌లో జాబితా వస్తుంది. ఇండోనేషియా, జపాన్, చిలీ, అలాస్కా, టోంగా. తీవ్రత నాలుగు దాటినవి, ఐదు దాటినవి. ప్రపంచంలో ఎక్కడా భూమి కదలని రోజంటూ లేదు. ఈ సంగతి తెలిసిన కొత్తలో నాకు భయం వేసింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత పొగరెక్కింది. ఆ పొగరు గురించే ఇది రాస్తున్నాను. నేను మంచివాణ్ణని చెప్పుకోవడానికి మాత్రం కాదు, ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది.

కామారెడ్డిలో సర్కారు బడి పిల్లలకు ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రిటైరైన సారుకు ఊళ్లో ఎంత విలువంటే, దారిలో నమస్తే పెట్టినవాడు మనం మాట్లాడే లోపే బండి స్టార్ట్ చేస్తాడు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున చాయ్ తాగుతుంటే వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఎక్కడో గోదావరి దిక్కు భూమి కదిలితే ఆ అదురు మా ఇంటి దాకా వచ్చింది. రెండు మూడు సెకన్లు, అంతే. వీధి వీధంతా బయటికి వచ్చి నా చుట్టూ చేరింది.

"సారూ, గిదేంది? మల్ల వస్తదా?"

ఎన్నాళ్లకో నన్నొకరు ఒక ప్రశ్న అడిగారు. తెలియదు అంటే సరిపోయేది. "చూసి చెప్త" అన్నాను.

చూడటం మొదలుపెట్టాను. ఒక లావాటి నోటుబుక్కు కొని మూడు గళ్లు గీశాను. మొదటి గడిలో ఆ రోజు భూకంపాలు, రెండో గడిలో తిథి, మూడో గడిలో సూర్యుడి మీద మచ్చలు, మంటలు. సముద్రాన్ని ఎత్తి దించే చంద్రుడే గట్టి నేలను కూడా రోజూ ఇంత ఎత్తి దించుతాడు. ఇది నిజం, పుస్తకాల్లో ఉంది. ఇక తెగడానికి సిద్ధంగా ఉన్న రాతిపొర ఆ లాగుడుకు తెగవచ్చని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. ఆ ప్రభావం చాలా చిన్నదని కూడా వాళ్లే అంటారు. సూర్యుడి సంగతైతే ఇంకా తేలనే లేదంటారు. నేను మాత్రం నాకు కావలసిన మాట దగ్గర చదవడం ఆపేశాను.

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ పెట్టేవాణ్ణి: సూర్యుడి మీద పెద్ద మంట, పున్నమి దగ్గర పడుతున్నది, పసిఫిక్ తీరం జాగ్రత్తగా ఉండాలి అని. పసిఫిక్ తీరంలో మా గ్రూపువాళ్లు ఎవరూ లేరు. రోజూ ఎక్కడో ఒకచోట కదిలే భూమికి జోస్యం చెప్తే తప్పేది ఎక్కడ? మర్నాడు ఏదో ఒక దీవిలో కదిలేది. "సారు చెప్పినట్టే అయింది" అని చేతులు జోడించిన బొమ్మలు పెట్టేవారు. కూరగాయల మార్కెట్లో కూడా నన్ను భూకంపాల సారు అనడం మొదలైంది. సిగ్గులేకుండా మురిసిపోయాను.

మా అక్క ఊరు ఎల్లారెడ్డికి అవతల, ఒక గుట్ట కింద ఉంటుంది. అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్ద. బాపు పోయేనాటికి నేను ఐదో తరగతి. నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లకు నాట్లకు పోయి, బురదలో వంగి వంగి నన్ను చదివించింది ఆమే. తనకు అక్షరం ముక్క రాదు. పిల్లలు కలగలేదు, బావ పోయాడు, మిగిలింది ఒక్క ఇల్లు. మట్టి గోడలు, పైన గూనపెంకలు. ఆ గోడల మట్టి తొక్కిందీ, మోసిందీ, ఏటేటా సున్నం వేసిందీ ఆమే. కామారెడ్డికి వచ్చి మా దగ్గర ఉండమని ఎన్నిసార్లు పిలిచినా, "నా ఇల్లు ఉన్నది గదా" అనేది.

ఒకరోజు ఫోన్ చేసింది.

"తమ్మీ, ఇల్లు అదురుతున్నదిరా. గుట్ట కాడ కంకర మిషినోడు బండలకు తూటాలు పెట్టి పేలుస్తున్నడు. వెనక గోడ బీటలిచ్చింది, చెయ్యి పడుతున్నది సందుల. ఊరోళ్లందరం కలిసి పై సార్లకు దరఖాస్తు ఇద్దామంటున్నం. నువ్వు రాసియ్యిరా."

జీవితంలో ఆమె నన్ను అడిగింది ఆ ఒక్క కాగితమే.

"తూటాలకు గంత దూరం గోడలు పగులయి అక్కా. క్వారీ గుట్ట అవుతల ఉన్నది. రెండు ఒక్కపారే అయితే ఒకదానికి ఇంకొకటి కారణం అయితదా? తొందరపడకు, ముందుగాల చూద్దాం" అన్నాను. గుట్ట అవతల క్వారీని నేను చూసింది బావ పోయినప్పుడు. అంటే ఎనిమిదేళ్ల కింద. మళ్లీ పోయి చూడాలని నాకు తోచలేదు. చంద్రుణ్ణి చూసేవాణ్ణి గదా, గుట్ట ఏం కనిపిస్తుంది?

ఆమెకు ఒక పని చెప్పాను. పొద్దున లేవగానే లోపలి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయాలి. ఆ రోజు ఇల్లు ఎన్నిసార్లు అదిరితే ఆ గీత పక్కన అన్ని ఎర్రమన్ను చుక్కలు పెట్టాలి. ఎందుకని అడగలేదు. సారు చెప్పాడు గదా. పండగకు ముగ్గు పెట్టినంత శ్రద్ధగా నాలుగు నెలలు పెట్టింది. పదిహేను రోజులకోసారి నేను లింగంపేట మీదుగా బస్సులో పోయి ఆ చుక్కలను నోటుబుక్కులోకి ఎత్తుకునేవాణ్ణి.

ఒకసారి అన్నం తింటుంటే నేనున్నప్పుడే అదిరింది. ధన్‌మని చప్పుడు, వెంటనే గోడలు వణికాయి, పెంకల సందుల్లోంచి మన్ను రాలింది. అక్క చప్పున నా పళ్లెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. నేను గడియారం చూశాను. ఒంటి గంట దాటింది. చెప్పడానికి నోరు రావడం లేదు గాని, ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. గోడ మీది చుక్కలన్నీ మధ్యాహ్నానివే అని అక్క నాతో ముందే అన్నది. సూర్యుడు నడినెత్తి మీదికి వచ్చినప్పుడే!

"సీటీ కొట్టిండ్రు, ఇన్నవా? కూలోళ్లు బువ్వకు పోంగనే పేలుస్తరు" అన్నది అక్క.

ఆ ఈల నేను వినలేదు. అప్పుడు ఫోన్‌లో అలాస్కా చూస్తున్నాను.

ఇక తిథులు. నోటుబుక్కు ముందేసుకుని చూస్తే ప్రతి నెలా ఒక గీత పక్కన చుక్క లేదు. నాలుగు నెలలకు నాలుగు ఖాళీలు, నాలుగూ అమావాస్యే. మర్నాడు పాడ్యమి నాడు మాత్రం ఒకటికి మూడు చుక్కలు. ఆ నాలుగు ఖాళీల చుట్టూ ఎర్ర సిరాతో సున్నలు చుట్టాను. నిజానికి అమావాస్యకు లాగుడు ఎక్కువ కాబట్టి చుక్కలు ఎక్కువ ఉండాలి. దానికీ ఒక సమాధానం అల్లాను. సూర్యచంద్రులు ఇద్దరూ ఒకే వైపు నుంచి లాగి నేలను బిగబట్టి ఉంచుతారు, మర్నాడు వదులుతారు అని. మరి పున్నమి నాడు చుక్కలు మామూలుగానే ఉన్నాయేమని నన్ను నేను అడగలేదు. అక్క ఊరి అదుర్లకు సూర్యచంద్రులే కారణమని ఒక వ్యాసం రాశాను, అందులో పున్నమి మాటే ఎత్తలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు కనీసం కుందేలునైనా పట్టాడు.

ఒక పత్రిక జిల్లా పేజీలో నా వ్యాసం, పక్కన నా ఫోటో వేసింది. అక్క దరఖాస్తు సంగతి అప్పుడప్పుడు ఎత్తేది. "రాస్తలే" అనేవాణ్ణి. చివరికి ఊరివాళ్లు ఎవరితోనో రాయించుకున్నారు.

వ్యాసం వచ్చిన వారానికి క్వారీ యజమాని మా ఇంటికి వచ్చాడు. పళ్లు తెచ్చాడు, శాలువా తెచ్చాడు, ఫోటో తీసేవాణ్ణి కూడా వెంట తెచ్చుకున్నాడు.

"సార్, మీ వ్యాసం సదివిన. గింత తెలివి మన దిక్కు ఉన్నదని ఇన్నొద్దులు తెల్వకపాయె. దీని మీద ఒక్క దస్కత్ చేసియ్యండి, ఫ్రేం కట్టించుకుంట" అన్నాడు.

చేశాను. పేరు కింద రిటైర్డ్ భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు అని గుండ్రటి అక్షరాలతో రాశాను. అతను ఎవరో తెలియక కాదు. తెలిసే చేశాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్తే ఒక్కడు శాలువా కప్పలేదు.

దరఖాస్తు మీద విచారణకు పై నుంచి ఒక అధికారి వచ్చాడు. ఊళ్లో పంచాయతీ ముందు షామియానా వేశారు. "మీరు రావాలె సార్, నాలుగు సైన్సు ముచ్చట్లు చెప్పాలె" అని క్వారీ యజమాని నాకు కారు పంపాడు. కారు దిగుతుంటే జనంలో ముందు వరుసలో కూర్చున్న అక్క నన్ను చూసింది. ముఖం వెలిగిపోయింది. పక్కనున్న ఆమెతో అన్నది, నాకు వినిపించింది.

"మా తమ్ముడు వచ్చిండు. ఇగ ఫికర్ లేదు."

నన్ను అధికారి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. నా సంతకం ఉన్న వ్యాసాన్ని క్వారీ యజమాని అధికారి చేతిలో పెట్టాడు. ఫ్రేం కట్టించలేదు, ఫైలులో పెట్టాడు. అధికారి చదివి, వివరంగా చెప్పమన్నాడు. లేచి చెప్పాను. సూర్యుడు, చంద్రుడు, ఆటుపోట్లు, పసిఫిక్ తీరం. మైకు దొరికింది గదా. ఊరివాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు, మెచ్చి కాదు. చివర్లో నాలుగు అమావాస్యల సంగతి చెప్పి, అవి క్వారీ పేలుళ్లే అయితే అమావాస్య నాడు మాత్రం ఎందుకు ఆగుతాయి అని అడిగాను.

అక్క నిలబడింది. కొంగు భుజం మీద సర్దుకుని అధికారి దిక్కు తిరిగి చెప్పింది.

"అమాస నాడు ఆళ్లు మిషిన్ ముట్టరు సారూ. గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు పెట్టి బంద్ చేస్తరు. తెల్లారి ఆ పని గూడ కలిపి మూడు పార్ల పేలుస్తరు. గిది మా ఊళ్లె అందరికి ఎర్కనే."

ఎవరో కిసుక్కుమన్నారు.  మా దిక్కు అమావాస్య నాడు నాగలి కట్టరు, లారీ తియ్యరు, కొత్త పని ముట్టరు. నేను స్కూటర్ కొన్నప్పుడు కూడా అమావాస్య అని ఒక రోజు ఆగి తెచ్చుకున్నవాణ్ణి. చంద్రుణ్ణి చూస్తానని అక్క చేత గోడంతా చుక్కలు పెట్టించి, నేను చూసిందల్లా క్వారీ కూలీల సెలవు.

అధికారి నా వైపు చూశాడు. "ఏమంటారు మాస్టారూ?"

అక్కడ ఉంది నా జీవితం అంతా. నాది పొరపాటు సార్, ఆమె చెప్పిందే నిజం అంటే అయిపోయేది. మైకు నా చేతిలోనే ఉంది. జనం చూస్తున్నారు, కింద ఫోటోగ్రాఫర్ ఉన్నాడు.

"అది కూడా ఒక అంశం కావచ్చు. ఇంకా లోతుగా పరిశీలించాలి" అన్నాను.

అధికారి అదే రాసుకున్నాడు. పరిశీలన అయ్యేదాకా పని ఆపాల్సిన అవసరం లేదని తేల్చారు.  పోతున్నప్పుడు అక్క, "బువ్వ తినిపో తమ్మీ" అన్నది. కారు ఆగి ఉందని చెప్పి వచ్చేశాను.

తర్వాత పది రోజులు నాకు అన్నం సహించలేదు. పదకొండో రోజు బస్సెక్కి పోయి, అక్కకు చెప్పకుండా గుట్ట ఎక్కాను. ఎనిమిదేళ్ల కింద నేను చూసిన క్వారీ అక్కడ లేదు. అవతలి వైపంతా తొలిచేసి, గుట్టను చుట్టి ఇవతలికి వచ్చేశారు. పైన నిలబడితే అక్క ఇంటి పెంకలు ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. ఇంటికి వచ్చి నా వ్యాసం తప్పని అధికారులకు నాలుగు పేజీలు రాశాను, పత్రికకూ పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అధికారుల నుంచి జవాబు రాలేదు. పత్రికవాళ్లు స్థలం లేదన్నారు.

వానాకాలం వచ్చింది. బీటలిచ్చిన వెనక గోడలోకి వారం రోజులు నీళ్లు దిగాయి. ఎనిమిదో రోజు మధ్యాహ్నం, క్వారీలో పేల్చగానే ఇల్లు కూలింది. అక్క పక్కింట్లో చింతపండు అడగడానికి పోయింది కాబట్టి బతికింది. ఫోన్ చేసింది ఆమె కాదు, పక్కింటివాళ్లు.

నేను పోయేసరికి వాన తగ్గింది. వెనక గోడ పడుతూ పడుతూ లోపలి గోడను కూడా లాక్కుపోయింది. మన్ను కుప్ప మీద పెంకలు. అక్కడక్కడ మట్టి పెళ్లల మీద బొగ్గు గీతలు, ఎర్రచుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి. చుక్కలు పెట్టడం ఆపమని నేను చెప్పలేదు, ఆమె ఆపలేదు. అక్క ఆ కుప్ప పక్కన రాయి మీద కూర్చుని ఉంది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఇంటికి పోదాం రా అక్కా అన్నాను. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు.

నా తల మీద చెయ్యి పెట్టింది. కోపం లేని గొంతుతో, నేను అప్పజెప్పిన పని ఎందుకు చెయ్యలేకపోయిందో నాకు సంజాయిషీ చెప్పింది.

"ఆఖరు చుక్క పెట్టలేదు తమ్మీ. పెడ్దమంటే గోడ లేకపాయె. నువ్వే రాసుకో."