కబడ్డీ కూతతో ఆడిన అమెరికా ఫుట్‌బాల్

ఆ రోజుల్లో మాకు ఊపిరి ఎక్కువ, ఆలోచన తక్కువ. ఇప్పుడు రెండూ తక్కువే అనుకోండి, అది వేరే సంగతి. అఫ్జల్‌గంజ్ దాటాక మూసీ ఒడ్డున మాదొక చిన్న కాలేజీ ఉండేది. దాన్ని ఎప్పటికైనా యూనివర్సిటీ చేసి తీరాలని మా ప్రిన్సిపాల్ గారి పట్టుదల. (అప్పటికి సగం గదులకు తలుపులే లేవు.) ఎవరో అమెరికా ప్రొఫెసరు ఊరు వదిలి వెళ్తూ ఇచ్చిపోయిన చెక్కపెట్టెలోంచి ముఖానికి జాలీలున్న టోపీలు, భుజాలకు కట్టుకునే దిమ్మలు, కోడిగుడ్డులాంటి బంతి ఒకటి బయటపడ్డాయి. అంతే, ప్రిన్సిపాల్ గారికి పూనకం వచ్చింది. "యూనివర్సిటీ అన్నంక ఊళ్లె ఎవ్వరికి లేని ఆట ఉండాలె! అమెరికా ఫుట్‌బాల్ టీమ్ పెడుతున్నం!" అని ప్రకటించేశారు.

టీములో మొదటి పేరు నాదే. మనసుపడి చేరలేదండీ, ఏడాదంతా కబడ్డీ ఆడి హాజరు పోగొట్టుకున్నాను మరి! "మ్యాచ్ గెలువు, హాజరు సంగతి నేను చూసుకుంట. ఓడితే వచ్చే యేడు మళ్ల ఇదే బెంచీ," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఇంట్లో మా బాపు (రైల్వేలో పట్టాల పని, గొంతు కూడా ఇంజను కూతే) అంతకు ముందే తేల్చేశాడు: "ఈసారి పరీక్షకు కూసోనియ్యలేదనుకో, గంజ్ బజార్ల బస్తాలు మొయ్యనీకె తోల్త. ఇగ నీ ఇష్టం." నాకు కలలో కూడా బస్తాలే.

సరే, ఊళ్లో ఎవరికీ లేని ఆటకు పోటీ జట్టు ఎక్కణ్నుంచి వస్తుంది? మా పీటీ సార్ దబీర్‌పురా తాలీంలో కుస్తీ పట్టేవాళ్ల గడ్డం పట్టుకుని బతిమాలి తీసుకొచ్చారు. వాళ్ల నాయకుడు ఛోటా పహిల్వాన్. ఛోటా అన్నది పేరులోనే, ఆయన నిలబడితే ఇద్దరికి నీడ. టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, "మొఖానికి జాలీ ఎందుకు భాయ్? మేమేమన్న కరుస్తమా?" అని అడిగాడు. పీటీ సార్ నియమాలు చెప్పారు: "బంతి పట్టుకొని ఉరకాలె. అడ్డమొచ్చినోన్ని పడెయ్యాలె. ముందుగాల ఎవరు అవుతలి గీత దాటితే వాళ్లదే గెలుపు." "గిది కబడ్డీయే గద సార్!" అన్నాం. "గట్లనే అనుకోండ్రి," అన్నారాయన. (పెట్టెలో వచ్చిన నియమాల పుస్తకం ఆయనా తెరవలేదు.)

ఈల మోగింది. బంతి నా ఒళ్లో పడింది. చంకలో ఇరికించుకుని, అలవాటు చొప్పున "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ పరుగు లంకించుకున్నాను. నా టోపీ ఎంత వదులంటే, నేను తల తిప్పితే అది తిరగదు. టోపీకి చెవి దగ్గరున్న రంధ్రంలోంచి ఒంటికన్నుతో చూస్తూ పరుగెత్తాను. పహిల్వాన్లు ఒకరి మీద ఒకరు పడ్డారు గానీ నేను దొరకలేదు. గీత ఇంకొక్క అడుగు. సరిగ్గా అక్కడ ఊపిరి అయిపోయింది. కూత ఆగింది. కూత ఆగితే ఔటే కదా! బంతిని కావలించుకుని బుద్ధిగా చతికిలబడ్డాను.

"లే బే! ఒక్క అడుగే, దాటు!" అని మావాళ్ల లొల్లి.

"దమ్ము పోయిందన్నా, ఔటైన," అన్నాను.

ప్రిన్సిపాల్ గారు నెత్తి కొట్టుకున్నారు. నాకు బస్తాలు కనిపించాయి. ఛోటా పహిల్వాన్ మాత్రం చేతులు చాపి పరుగున వచ్చాడు. "వారెవ్వా! ఎవ్వలు పట్టకున్నా తనంతట తానే ఒప్పుకున్నడు! ఈమాన్‌దార్ బచ్చా! గిసొంటోన్ని నేనెన్నడు సూడలె!" అంటూ నన్ను బంతితో సహా భుజాలకెత్తుకున్నాడు. అదే ఊపులో ఊరేగింపు మొదలుపెట్టి, నాలుగు అంగలు ముందుకేశాడు.

"దాటిండు! గీత దాటిండు!" అని ప్రిన్సిపాల్ గారు కుర్చీ మీదికెక్కి గంతులేశారు. పీటీ సార్ ఈల ఊదేశారు. పహిల్వాన్ కిందికి చూసి, గీత చూసి, "అరె, యే క్యా హోగయా!" అని కడుపుబ్బ నవ్వాడు గానీ నన్ను మాత్రం దించలేదు.

నా హాజరు నిండింది. బాపు బస్తాల మాట ఎత్తలేదు. మాతో ఆడటానికి మళ్లీ ఎవరూ రాలేదు, కాలేజీ యూనివర్సిటీ కానూ లేదు. అయితేనేం, ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచిన జట్టు మాది!

ఇప్పుడు యాకుత్‌పురా స్టేషన్‌లో మెట్లెక్కుతుంటే తెలియకుండానే "కబడ్డీ కబడ్డీ" అని గొణుగుతుంటాను. సగంలోనే దమ్ము పోతుంది. నిజాయితీగా ఔటని ఒప్పుకుని కూర్చుంటాను. కూర్చుని, ఎత్తుకుని పైకి చేర్చే పహిల్వాన్ ఎవరైనా వస్తాడేమోనని కాసేపు కిందికి చూస్తాను.