రంజన్ నీళ్ల మీద నేనిచ్చిన మెమో

మే నెల మొదటి సోమవారం: రెండు గుడ్లు, పన్నెండు నిమిషాలు. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం, దుర్వాసన. ఆమె తినలేదు.

మంగళవారం: రెండు గుడ్లు, పదకొండు నిమిషాలు. పెంకుతోపాటు తెల్లసొన సగం ఊడివచ్చింది. ఒక ముక్క నోట పెట్టుకుని ఉమ్మేసింది.

బుధవారం: మళ్లీ డయాలసిస్ రోజు. పది నిమిషాలు. వలయం సన్నబడింది, వాసన తగ్గలేదు. పళ్లెం పక్కకు నెట్టింది.

గురువారం: గుడ్ల కొట్టు మార్చాను. ఫలితం అదే.

పై జాబితా నా నోటుబుక్కు లోనిది. అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల వాసనలాంటి ఆ వాసన ఈ నాలుగు రోజులుగా మా వంటింటిని వదలడం లేదు. నా భార్య రాజ్యానికి మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకువెళుతున్నాను. ఒంట్లో మాంసకృత్తులు పడిపోతున్నాయని, రోజుకు రెండు గుడ్ల తెల్లసొన తప్పనిసరిగా తినిపించాలని డాక్టరుగారు చెప్పారు. "మందు సంగతి నేను చూసుకుంటాను, తిండి సంగతి మీరు చూసుకోవాలి. ఇలాగే పడిపోతూ ఉంటే మా చేతిలో కూడా ఉండదు" అన్నారు. శనివారం మళ్లీ రక్తపరీక్ష. ఆమె పళ్లెం నెట్టిన ప్రతిసారీ నాకు ఆ శనివారమే కనబడుతోంది. గురువారంనాడు ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అన్న మాట కూడా రాసి ఉంచాను: "సర్వీసంతా అందరికీ మెమోలిచ్చారుగా, ఈ గుడ్డుక్కూడా ఒకటి ఇచ్చి చూడండి."

ఆమె నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు. గుడ్ల విషయమై నా సర్వీసులో నేనొకే ఒక మెమో ఇచ్చాను. ఇచ్చింది పోశానికి.

కృష్ణా తీరం నుంచి ఉద్యోగానికి గోదావరిఖని వచ్చిన నాకు గని క్యాంటీన్ పర్యవేక్షణ అప్పగించారు. పోశం అక్కడ వంటమనిషి, కమాన్‌పూర్ వైపు పల్లెటూరివాడు, నాకంటే పదేళ్లు పెద్ద. మొదట భూగర్భంలో పనిచేసేవాడు. రాయి పడి కాలు దెబ్బతినడంతో పైన తేలికపాటి పని ఇచ్చారు. నేను తొలిసారి క్యాంటీన్ తనిఖీకి వెళ్లినప్పుడు అతడు రెండేసి గుడ్లు చెవి దగ్గర పట్టుకుని, ఒకదానితో ఒకటి మెల్లగా తడుతూ, కొన్నింటిని గిన్నెలోకి, కొన్నింటిని పక్క బుట్టలోకి వేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు పోశం?"

"ఇంటున్న సారు. బొగ్గుబాయిల పైకప్పును కట్టెతోని కొట్టి ఇంటుంటిమి. మంచిగుంటే గట్టిగ పలుకుతది, ఇరిగుంటే డొల్లగ పలుకుతది. గుడ్డు గూడ గంతే. సన్న పగులున్నది నీళ్లల్ల పడితే తెల్లదంత బయటికొస్తది."

నా చేతికి రెండు గుడ్లు ఇచ్చాడు. తట్టి విన్నాను. నాకేమీ తేడా తెలియలేదు. అతడు నా చంకలోని రిజిస్టరు వైపు చూసి, "మీకు కాయితం సప్పుడే ఇనస్తది గని" అన్నాడు. బల్లల దగ్గర కూర్చున్న కార్మికులు ఘొల్లుమని నవ్వారు. ఎన్ని నిమిషాలు ఉడికిస్తావని నేను గంభీరంగా అడిగితే, "గడియారం సూస్త సారు, సూడక ఎట్ల? గని ఉడుకుడు పొయ్యి మీదనే అయిపోదు" అన్నాడు. మిగిలిన ఉడుకుడు ఎక్కడ అవుతుందో నేను అడగలేదు. ఆ నవ్వు అప్పటికి నా చెవుల్లోనే ఉంది.

అయినా అతడి గుడ్లకు నేను వంక పెట్టలేకపోయాను. గోటితో తాకగానే పెంకు జారిపోయేది. పచ్చసొన బంతిపువ్వు రంగులో ఉండేది. ఫస్ట్ షిఫ్టు దిగి పైకి వచ్చినవాళ్లు ముఖాల మీది మసి కూడా పూర్తిగా కడుక్కోకుండా ముందు గుడ్డు కోసం చెయ్యి చాచేవారు. పోశం ఎవరికి ఇచ్చినా ఆ చేతుల వైపు కాక ముఖాల వైపు చూసేవాడు. మొదటి కొరుకుడు అయ్యేదాకా మరొకరి వైపు తిరిగేవాడు కాదు.

క్యాంటీన్ వెనక వసారాలో ఇసుక మీద నీళ్లు చల్లబరిచే ఒక పెద్ద మట్టి రంజన్ ఉండేది. దాని చుట్టూ తడి గోనెపట్టా చుట్టేవాడు. ఆ నీళ్లు ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒక ఎండాకాలం, ఆ నీళ్లు అడిగితే పోశం లోపలి కుండ దగ్గరికి పొమ్మన్నాడని ఒక కార్మికుడు నాకు ఫిర్యాదు చేశాడు. నేను విచారణ జరపలేదు, నేరుగా మెమో రాశాను. తాగునీటి పాత్రను సొంత నిర్ణయంతో ఇతర అవసరాలకు వాడుకొనుటకు కారణమేమి? మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను. మౌఖిక సమాధానం చెల్లదు. పోశానికి చదువు రాదని నాకు తెలుసు. రిజిస్టరులో అతడి వేలిముద్ర వేయించేది నేనే.

మూడోరోజు అతడు కుంటుకుంటూ నా గదికి వచ్చాడు. స్టీలు పళ్లెంలో రెండు గుడ్లు తెచ్చి, నా బల్ల మీద మెమో నకలు పక్కనే పెట్టాడు.

"జవాబు తెచ్చిన సారు. గిది ఉడికినంక నల్ల ఇప్పి పట్టిన నీళ్లల్ల ఏసిన. గిది రంజన్‌ల ఏసిన. రెండూ ఒలిచి సూడుండ్రి."

"ఇది సంజాయిషీ కాదు పోశం. ఎవరిచేతనైనా రాయించి కాగితం తీసుకురా."

"కాయితాలు మీ తాన బొచ్చెడున్నయి సారు. ఒక్కపారి ఒలువుండ్రి, రెండు నిమిషాల పని."

ఫైలుకు తడి అంటుతుందని నేను పళ్లెం పక్కకు జరిపాను. దెబ్బతిన్న కాలి మీది బరువు రెండో కాలి మీదికి మార్చుకుంటూ అతడు కాసేపు నిలబడ్డాడు. తర్వాత పళ్లెం అక్కడే వదిలి వెళ్లిపోయాడు. నేను మెమో నకలు మీద "సంజాయిషీ అందలేదు" అని రాసి, రంజన్‌ను కార్మికుల విశ్రాంతి షెడ్డుకు తరలించవలసిందిగా ఉత్తర్వు ఇచ్చాను.

ఆ వేసవి అంతా గుడ్లు చెడ్డాయి. ఒకరోజు నేను రిజిస్టరుతో అక్కడే ఉండగా ఒక యువ కార్మికుడు సగం కొరికిన గుడ్డును పళ్లెంలో పడేసి, "ఏంది కాకా, గుడ్డు గింత కంపు కొడుతున్నది? ముసలోనివైతున్నవా ఏంది?" అన్నాడు. పోశం ఒక్కసారి నా వైపు చూశాడు. రంజన్ మాట ఎత్తుతాడని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. అతడు మాత్రం, "అవ్ బిడ్డా, చెయ్యి తప్పింది" అని ఆ పళ్లెం తీసుకుని లోపలికి పోయాడు. నేను రిజిస్టరులో ఇలా నమోదు చేశాను: గుడ్ల నాణ్యత తగ్గినది, వంటమనిషి తప్పు ఒప్పుకొన్నాడు. తర్వాత రెండేళ్లకు అతడు రిటైరై ఊరికి వెళ్లిపోయాడు. చనిపోయిన సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక శుక్రవారం. తొమ్మిది నిమిషాలకు పొయ్యి ఆర్పి, రోజూ చేసినట్టే గుడ్లను గిన్నెలో వేసి కుళాయి కింద పెట్టాను. రోజూ అలా పెట్టి రాజ్యానికి మందులు తీయడానికి వెళ్లేవాణ్ణి. ఈ రోజు ఒక గుడ్డు గిన్నె అంచు దాటబోతే పట్టుకోవడానికి చెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాను. మేడమీది ట్యాంకులో ఎండకు కాగిన నీళ్లు అవి. చల్లార్చుతున్నాననుకుని నాలుగు రోజులుగా నేను గుడ్లను రెండోసారి ఉడికిస్తున్నాను. మూలన మట్టికుండ ఉంది. రాజ్యానికి రోజుకు ఇన్ని నీళ్లే అని డాక్టరుగారు చెప్పినందువల్ల, ఆ కుండలోంచి నేనే కొలిచి పోసి, పుస్తకంలో రాసి, మూత మీద బరువు పెడుతున్నాను. దాని ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో మాత్రం రాయలేదు.

కొత్తగా రెండు గుడ్లు ఉడికించి, కుండ నీళ్లన్నీ పెద్ద గిన్నెలోకి వంచి, అందులో వేశాను. పెంకు జారిపోయింది. వలయం లేదు. రాజ్యం ముందు వాసన చూసింది, తర్వాత నా ముఖం చూసింది.

"ఎవరు చేశారండీ?"

"పోశం."

"మీ క్యాంటీన్ పోశమా? ఆయన పోయి చాన్నాళ్లయిందన్నారుగా!"

ఆమె మొదటి కొరుకుడు మింగేదాకా ఆమె ముఖం వైపే చూస్తూ ఉండిపోయాను. ఉప్పు లేకుండానే ఒక గుడ్డు తెల్లసొన పూర్తిగా, రెండో దానిలో సగం తిన్నది. ఆ మిగిలిన సగం నన్ను ఇంకా కలవరపెడుతోంది. రేపటి పరీక్షలో ఏం వస్తుందో తెలియదు. రేపటి కోసం తీసిన రెండు గుడ్లు చెవి దగ్గర పట్టి తట్టి విన్నాను. తేడా ఇంకా తెలియడం లేదు. అయినా తడుతున్నాను.

పాత పెట్టెలోంచి ఆనాటి మెమో నకలు బయటికి తీశాను. "సంజాయిషీ అందలేదు" అన్న మాట కొట్టివేసి, "మూడవ రోజున అందినది. రెండు గుడ్లు. చూడబడలేదు" అని సరిదిద్దాను. దాని కిందనే ఈ కొత్త మెమో రాసి సంతకం చేశాను. జారీ చేసినదీ, అందుకొన్నదీ నేనే.

విషయం: వంటమనిషి పోశం తెచ్చి ఇచ్చిన జవాబును పక్కకు జరుపుట. మీరు ఆ రెండు గుడ్లను ఒలిచి చూడకపోవుటకు, అతడు నిందను తన మీద వేసుకొనుచుండగా విని, దానిని ఒప్పుకోలుగా నమోదు చేయుటకు కారణములేమి? మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను. మౌఖిక సమాధానం చెల్లదు.