మగ్గం ఆగితే వచ్చే బాతు

మా చిన్నప్పుడు మగ్గం ఆగిందంటే ఇద్దరం పరిగెత్తేవాళ్లం... నేనూ, ఒక బాతూ.

వేలూరు దగ్గర గుడియాత్తంలో మా ఇల్లు. ముందుగదిలో గుంట మగ్గం, దాని వెనక వంటగది, ఆ వెనక పెరడు. అమ్మ పొద్దున్నే గుంటలో కాళ్లు పెట్టి కూర్చుందంటే అన్నం వేళదాకా లేచేది కాదు. నాయన ఆమె నేసిన లుంగీలు మోసుకుని అణైకట్ వైపు ఊళ్లు తిరిగి అమ్మి, పొద్దుగూకాక వచ్చేవాడు. నాకు అక్కా లేదు, తమ్ముడూ లేడు.

మగ్గం ఆడుతున్నంతసేపూ అమ్మతో మాట్లాడలేం. ఆ టకటకల్లో నా మాట ఆమెకు వినపడదు. అరిచి చెబితే పోగులు చూసుకుంటూనే "ఊఁ" అనేది... ఏం విన్నదో దేవుడికెరుక. అందుకే బడి లేని రోజుల్లో గడప మీద కూర్చుని, అది ఎప్పుడు ఆగుతుందా అని కాచుకునేదాన్ని.

ఒక వానాకాలం, మోర్ధానా డ్యాం నీళ్లొచ్చి మా ఏరు పారినప్పుడు, ఆ బాతు మా పెరట్లోకి వచ్చింది. ఎవరిదో తెలీదు. అంత వింత మొహం నేను మళ్లీ చూడలేదు. నలుపూ తెలుపూ కలిసిన ఒళ్లు, కళ్ల చుట్టూ ముక్కుదాకా ఎర్రటి బుడిపెలు. మామూలు బాతుల్లా అరవదు. నోరు తెరిస్తే బుస్సుమని గాలి వస్తుంది, అంతే. పైగా కుక్కలాగా తోక ఊపుతుంది.

అమ్మ చూసి ఒకటే నవ్వు. "ఎవురో మొగానికి కుంకం పామి పంపించినట్టుండాదే! పెండ్లికొడుకు వచ్చినాడు చూడు పాపా."

అప్పట్నుంచి వాడి పేరు పెండ్లికొడుకు.

మధ్యాహ్నం అమ్మ మగ్గం ఆపి, గంజిలో కాసిని మెతుకులు వేసి పెరట్లో పాత మూకుడులో పోసేది. కొద్దిరోజులకే వాడికి సంగతి బోధపడింది. చప్పుడు ఆగితే గంజి! చప్పుడు ఉన్నంతసేపూ కంచె అవతలే. ఆగిందా... వయ్యారంగా ఊగుతూ వచ్చేసేవాడు.

చిక్కల్లా పోగు తెగినప్పుడే. తెగినదాన్ని అతికించడానికి అమ్మ మగ్గం ఆపేది. ఆ కాసేపటికే వాడు వంటగది దాటి ముందుగదిలోకి మెడ చాచేవాడు. నేనూ పరిగెత్తుకొచ్చేదాన్ని, చెప్పాల్సినవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేయాలని.

"పోగు తెగినాది నాయనా, కూటిపొద్దు యాడైంది? పోండి ఇద్దురూ!" అని తరిమేది అమ్మ.

ఇద్దరం మొహాలు వేలాడేసుకుని పెరట్లోకి పోయేవాళ్లం. ఇంకో పోగు తెగితే బాగుండని నేను మనసులో దండం పెట్టుకునేదాన్ని. వాడూ పెట్టుకునేవాడేమో.

పక్కింటి మునెమ్మత్తకు మాత్రం వాడి మీద వేరే కన్ను. "కొళంబు పెడితే రొంబ బాగుంటాది పాపా" అనేది, వాడిని పులుసు చేసేద్దామని. ఆమెతో కొన్నాళ్లు మాటలు మానేశాను.

ఆ ఎండాకాలం సెలవుల్లో అమ్మకు కడుపునొప్పి ముదిరింది. నాయన వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆపరేషన్ అన్నారు. నన్ను మునెమ్మత్తకు అప్పజెప్పారు. రాత్రి అత్త ఇంట్లో పడుకుని, తెల్లారగానే మా ఇంటికి వచ్చేసేదాన్ని.

మగ్గం ఆగిపోయింది. రోజూ నేను కోరుకున్న నిశ్శబ్దమే... ఇల్లంతా ఉంది. చెప్పడానికి బోలెడు ఉంది, వినడానికి అమ్మ లేదు. సగం నేసిన లుంగీ మగ్గం మీద అలాగే ఉంది. అది చూస్తే భయం వేసేది, అమ్మ ఇక రాదేమోనని.

పెండ్లికొడుక్కి ఇవేం తెలుసు? చప్పుడు లేదు కాబట్టి పొద్దున్నే వచ్చేశాడు. గంజి లేదు. అయినా పోలేదు. సాయంత్రందాకా గుంట అంచునే కూర్చున్నాడు. మరునాడూ అంతే. వాడి లెక్కలో అన్నం వేళ ఇంకా అవుతూనే ఉంది మరి! అమ్మకు చెప్పాల్సినవన్నీ వాడికి చెప్పాను. బుస్సుమన్నాడు. ఆ మాత్రం బదులు చాలనిపించింది.

అన్నం తెచ్చిన మునెమ్మత్త వాకిట్లో నిలబడి బాతును చూసింది. "ఇదేందే, వాత్తు నీకు కావిలి కూసోనుండాది!" అంది. ఇంటికి వెళ్లి గంజి తెచ్చి వాడి ముందు పెట్టింది. కొళంబు మాట మళ్లీ ఎత్తలేదు.

చివరికి అమ్మ వచ్చింది... సగమై వచ్చింది. చాలా రోజులు పడుకునే ఉంది. మంచం పక్కన నేను, నా పక్కన వాడు. అప్పుడు మాట్లాడినంత నేను జన్మలో మళ్లీ మాట్లాడలేదు.

ఒక పొద్దున అమ్మ మెల్లగా గుంటలోకి దిగింది. మగ్గం టక్కుమంది. పెండ్లికొడుకు లేచాడు. ఒకసారి మెడ తిప్పి చూసి, ఊగుతూ పెరట్లోకి, అక్కణ్నుంచి కంచె అవతలికి వెళ్లిపోయాడు. అమ్మ బాగైందన్న సంతోషం, మళ్లీ ఒక్కదాన్నయ్యానన్న దిగులు... గడప మీద కూర్చుని ఏడ్చేశాను.

"ఏందే?" అంది అమ్మ, చెయ్యి ఆపకుండానే.

ఆ చప్పుడులో ఏం చెప్పను?

మళ్లీ వానలదాకా మధ్యాహ్నాలు వచ్చాడు. ఆ తర్వాత రాలేదు. నేను మునెమ్మత్త వంటగదిలోకి తొంగి చూస్తే, "సత్తెంగా నేను కాదు పాపా" అని ఆమే కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నేను వేలూరులో ఉంటాను. బడిలో చదివింది అరవమే, తెలుగు రాయడం పెద్దయ్యాకే నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి. నాయన లేడు. పోయినేడు అమ్మా పోయింది. మగ్గం విప్పించేశాను, గుంట పూడ్పించి టైల్స్ వేయించాను. నడుస్తుంటే అక్కడ పాదానికి చల్లగా తగులుతుంది.

పిలవకుండా వచ్చి మీ మాటలన్నీ విని వెళ్లిన ప్రాణి మీకూ ఒకటి ఉండే ఉంటుంది. కింద రాయండి... ఈ రోజంతా చదువుతూ కూర్చుంటాను. ఆదివారం కదా, గుడియాత్తం వచ్చి ఆ గడప మీదే కూర్చున్నాను. పెరటి తలుపు తీసే పెట్టాను.

మగ్గం ఆగింది... నేనొక్కదాన్నే వచ్చాను.