భీముడితో జురాంగ్ వెస్ట్ దాకా: ఒక మంచుబండి కుక్క కోసం శనివారం ప్రయాణం

సింగపూర్‌లో హస్కీని పెంచుతున్నామంటే వినేవాళ్ళు ముందు కుక్కకేసి జాలిగా చూస్తారు, తరవాత నాకేసి కోపంగా చూస్తారు. నాకు అలవాటైపోయింది. మా భీముడు ఫిన్లాండ్‌లో రెండు చలికాలాలు మంచుబండి లాగిన కుక్క. వాణ్ణి ఇక్కడికి తెచ్చుకున్న మా ఆఫీసు సహోద్యోగికి దుబాయ్ బదిలీ అయితే, నిరుడు మేం తీసుకున్నాం. ప్రభుత్వ ఫ్లాట్లలో ఇంత పెద్ద కుక్కను ఉండనివ్వరు. మాది హౌగాంగ్ అంచున ఉన్న ప్రైవేటు అపార్ట్‌మెంటు కాబట్టి చెల్లింది. వాడి అసలు పేరు ఎవరికీ నోరు తిరగక మా అత్తయ్య భీముడని పెట్టారు.

ఆ పేరుకు తగ్గట్టు ఉన్నవాడు ఈమధ్య చిక్కి సగమయ్యాడు. వెనక కాళ్ళు వణకడం మొదలైంది. దగ్గర్లోని డాక్టరు రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ తక్కువుందని మాత్రలు రాశాడు. అవి మింగించినా మార్పు లేదు. చివరికి, "ఈ వాతావరణం వీడికి పడదు, చల్లటి దేశంలో ఎవరికైనా ఇచ్చెయ్యండి" అన్నాడు. మా ఆయన న్యూజిలాండ్‌లో ఒక కుటుంబాన్ని వెతికి పట్టుకున్నారు. ఆదివారంలోగా వాళ్ళకు అవునో కాదో చెప్పాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు కంప్యూటర్లు మొరాయిస్తే కారణం తెలిసేదాకా కుర్చీలోంచి లేవని దాన్ని, కారణం తెలియకుండా కుక్కను విమానం ఎక్కిస్తానా? జురాంగ్ వెస్ట్‌లో ఒక డాక్టరమ్మ ఉన్నారనీ, కెనడాలో చాలాకాలం మంచుబండి కుక్కలకే వైద్యం చేశారనీ తెలిసి శనివారం పొద్దుటికి అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది, కుక్కల్ని ట్రైన్‌లోకీ బస్సులోకీ రానివ్వరు. పెంపుడు జంతువులను ఎక్కించుకునే ట్యాక్సీ ముందు రోజే మాట్లాడుకోవాలి. మాకు ఒకవైపుకే యాభై డాలర్ల దాకా అయింది. ఎండ ముదరకముందే, ఏడింటికల్లా బయలుదేరాం. మా ఆయనకు ఆఫీసు పని పడింది. బండిలో వాణ్ణి పట్టుకోవడానికి మనిషి కావాలని అత్తయ్యను రమ్మన్నాను. "కుక్కతో షికారేమిటే ఈ వయసులో!" అంటూనే ఆవిడ నాకంటే ముందు తయారై కూర్చున్నారు.

డ్రైవరు మలేషియాలో పుట్టిన తెలుగాయన. భీముణ్ణి చూసి ఏసీ పెంచారు.

"ఇంత బొచ్చుందే, గుండు కొట్టించేస్తే సుకమ్ గదామ్మా?"

"వద్దంకుల్. ఆ బొచ్చే వాడికి గొడుగు. తీసేస్తే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది."

"అట్లనా? మకాన్, అదే తిండి, బాగా తింటాడా మరి?"

"వేళకు అన్నీ పెడుతున్నాం" అన్నాను నేను, అంతా తెలిసినదానిలా. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. పొద్దున ఎక్స్‌ప్రెస్‌వే ఖాళీగా ఉండటంతో అరగంట పైన కొద్ది నిమిషాల్లో చేరిపోయాం.

డాక్టరమ్మ స్థానిక చైనీస్ మనిషి, నా వయసే. బల్ల ఎక్కించకుండా తనే నేల మీద కూర్చుని భీముడి గుండె చాలాసేపు విన్నారు. నన్నూ వినమన్నారు. నెమ్మదిగా, గట్టిగా కొట్టుకుంటోంది. పరుగుతో రాటుదేలిన గుండె అలాగే ఉంటుందట. తరవాత నీళ్ళలో నడిపించే ట్రెడ్‌మిల్ ఎక్కించి ఒంటికి మంచుబండి లాగేటప్పుడు కట్టేలాంటి పటకా కట్టారు. అది కట్టగానే వణికే కాళ్ళవాడు చెవులు నిక్కబొడిచి, మెడ వంచి ముందుకు లాగడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ మా టైల్స్ మీద పడుకున్నది వీడేనా అనిపించింది.

"మంచుబండి కుక్కల్లో చాలావాటికి థైరాయిడ్ అంకె తక్కువే ఉంటుంది. ఆ ఒక్క కాగితం చూసి జబ్బు అనలేం లా" అన్నారు డాక్టరమ్మ, సింగపూర్ వాళ్ళ అలవాటుగా చివర 'లా' తగిలించి. "నన్ను భయపెడుతున్నది కండ. కరిగిపోయింది. ఏం తింటున్నాడు?"

"మంచి రకం డ్రై ఫుడ్. పొద్దున గిన్నె నింపి ఆఫీసుకు వెళతాను. సాయంత్రానికి ఖాళీ."

నేనిది ఇంగ్లీషులో చెబుతుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "ఏమే, ఆవిడకి సరిగ్గా చెప్పు. ఆ గింజలు వాడు తినట్లేదు. ఒళ్ళంతా వేడి చేస్తాయని నేనే తీసేస్తున్నా. రెండు పూటలా పెరుగన్నం పెడుతున్నా, చలవ చేస్తుందని. నాలుక బయటపెట్టి అలా రొప్పుతుంటే చూడలేకపోయానే!"

నేను తెల్లబోయాను. చెప్పక తప్పలేదు, చెప్పాను. డాక్టరమ్మ కోప్పడలేదు. రొప్పడమే కుక్క ఒళ్ళు చల్లబరుచుకునే పద్ధతి అనీ, ఈ కుక్కలు బియ్యంతో కాదు, మాంసంతో, కొవ్వుతో నడుస్తాయనీ బొమ్మ గీసి చూపించారు. మాంసం కొద్దికొద్దిగా పెంచాలి, సూర్యుడు రాకముందే రోజూ నడిపించాలి, మాత్రలు మాత్రం తను మళ్ళీ పరీక్ష చేసేదాకా మానకూడదు. ఇవన్నీ జరిగితే వీడు ఇక్కడే బతకగలడా అని అడిగాను. "ఏసీ గదీ, మీ ఓపికా ఉంటే బతుకుతాడు" అన్నారు.

అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, "నేనే చంపుకుంటున్నానా వీణ్ణి?" అన్నారు. అది తెలుగులోనే అన్నా డాక్టరమ్మకు అర్థమైంది. "ఆంటీ, మీరు ప్రేమగా పెట్టారు గనకే వాడు అదైనా తిన్నాడు" అన్నారు.

తిరుగు ప్రయాణంలో మా ఆయనకు ఫోన్ చేసి, న్యూజిలాండ్ వాళ్ళకు కాదని చెప్పమన్నాను. చెప్పాను సరే, గుడ్డు కూడా ఉడకని ఇల్లు మాది. బాల్కనీలో వేరే స్టవ్వు పెట్టుకోవాలా, అత్తయ్యను ఎలా ఒప్పించాలా అని లోపల లెక్కలు వేసుకుంటున్నాను. హౌగాంగ్ మార్కెట్ దగ్గరికి రాగానే ఆవిడే బండి ఆపించారు.

"కోడి ఎక్కడ అమ్ముతారో కనుక్కో. నేను లోపలికి రాను, ఇక్కడే వాణ్ణి పట్టుకుని కూర్చుంటా. కొవ్వున్న ముక్కలే అడుగు, ఆవిడ చెప్పింది కదా." ముక్కుకు చెంగు అప్పుడే అడ్డం పెట్టేసుకున్నారు.

ఇది జరిగి రెండు నెలలైంది. భీముడి వెన్నెముక ఇప్పుడు చేతికి తగలడం లేదు. రోజూ చీకటితోనే లేవడం నాకు నరకంగానే ఉంది, అయినా లేస్తున్నాను. ఆలోచిస్తే ఆ ఎండ మీదా, మొదటి డాక్టరు మీదా నేను పెంచుకున్న కోపమంతా దారి తప్పిన కోపమే. మా వంటింట్లోనే ఉన్న జవాబు కోసం ద్వీపం ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాం.

మీకు నేను చెప్పగల సలహా ఒక్కటే. పశువైద్యుడి దగ్గరికి బయలుదేరేటప్పుడు రిపోర్టులు మరిచిపోయినా ఫరవాలేదు, రోజూ దానికి తిండి పెట్టే మనిషిని మాత్రం వెంట తీసుకెళ్ళండి. మేం అత్తయ్యను తీసుకెళ్ళింది కుక్కను పట్టుకోవడానికి.