ఏడో నంబరు గొంతు

మాది ఆళ్ళగడ్డ. మా ఆయనకు బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. మధ్యాహ్నం భోంచేసి ఆయన అంగడికి వెళ్ళాక నాకు రెండు మూడు గంటలు తీరిక. ఆ తీరికలోనే ఫోన్లో ఒక గ్రూపులో చేరాను. మా చిన్నప్పుడు సినిమాల్లో పాడిన ఒక గాయని అభిమానుల గ్రూపు అది. కర్నూలు వాళ్ళున్నారు, హైదరాబాదు వాళ్ళున్నారు, దుబాయ్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళూ ఉన్నారు. పొద్దున లేస్తే ఆమె గొంతు ఎంత కిందికి దిగుతుంది, ఎంత పైకి పోతుంది అన్న వాదనలే. వేరే పనీపాటా లేనివాళ్ళమని అనుకోండి, నేను కాదనను.

ఆ వాదనల్లోంచే పోటీ పుట్టింది. ఆమె పాట ఏదైనా పాడి పంపాలి. తమకు తెలిసినవాళ్ళు పాడింది పంపినా సరే. ఎవరి గొంతు కిందినుంచి పైకి ఎక్కువ మెట్లు పలికితే వాళ్ళది గెలుపు. మెట్లంటే హార్మోనియం మెట్లు. అంతా సరదాకే, బహుమతి ఏమీ లేదు. గ్రూపు నడిపేది బనగానపల్లెలో ఉండే ఒక రిటైర్డు టీచరు. నేను పెళ్ళికి ముందు ఆర్కెస్ట్రాలో పాడానని తెలిసి, జడ్జిగా ఉండమని అడిగారు. పాడినవాళ్ళ పేర్లు నాకు తెలియవు, జడ్జి ఎవరో వాళ్ళకు తెలియదు. పాటలకు నంబర్లు వేసి ఆయన నాకు పంపుతారు, నేను తీర్పు రాసి ఆయనకు పంపుతాను. స్నేహాలు చెడకుండా ఈ ఏర్పాటు.

ఆయన అడగ్గానే నేను ఒప్పుకోవడానికి కారణం ఉంది. నాలుగేళ్ళ కిందట నాకు థైరాయిడ్ గడ్డ తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. పై స్వరాలు తగ్గవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ప్రాణం కావాలా, పాట కావాలా అని ఇంట్లో అందరూ అన్నారు, నేనూ అన్నాను. గడ్డతో పాటే పైమెట్లూ పోయాయి. మాట్లాడితే ఏ తేడా తెలియదు. పాడబోతే మాత్రం సగం దారిలో గొంతు ఆగిపోయి గాలి వస్తుంది. ఈ నాలుగేళ్ళలో ఈ మధ్య పాడటం లేదేమని ఇంట్లో ఒక్కరు అడగలేదు. మా ఆయన మంచివాడే, కాని నేను వంటింట్లో పాడేదాన్నన్న సంగతి ఆయనకు గుర్తుందో లేదో. గొంతు పోయిందని ఏడ్చాను. అది పోయిన సంగతి ఎవరికీ తెలియలేదని అంతకన్నా ఎక్కువ ఏడ్చాను. చెవులు మాత్రం మిగిలాయి. జడ్జి అనేసరికి, పోనీ వాటికైనా పని దొరికిందనుకున్నాను.

అటక మీది హార్మోనియం దింపించి, దుమ్ము తుడిచి, పాటలు వింటూ మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకాయన పాడుతుంటే వెనక కుక్కరు మూడు విజిళ్ళు వేసింది. ఆయన కన్నా కుక్కరే శ్రుతిలో ఉంది. ఒకావిడ మొదటి మాటకే గొంతు పైకెత్తేసి, ఇక ఎక్కడికీ పోలేక పాటంతా అక్కడే తచ్చాడింది. నిండు గొంతుతో పలికిన మెట్టుకే లెక్క అన్నది నిబంధన. పైకి అందనప్పుడు కొందరు గొంతు సన్నం చేసి, అందినట్టు నటిస్తారు. దాన్ని దొంగగొంతు అంటాం. ఆ మెట్లు కొట్టేయాలి. ఈ విషయంలో నేను ఎవరినీ వదల్లేదు. కొట్టేస్తుంటే లోపల కొంచెం హాయిగా కూడా ఉండింది. నా బుద్ధి అంత మంచిదేమీ కాదు.

ఏడో నంబరు పాట కాసెట్టు రొదతో మొదలైంది. వెనక జనం గోల, తబలా. హార్మోనియం ఎత్తుకున్న తీరు వినగానే నా చెయ్యి ఆగిపోయింది. అది మా మాస్టరు వాయించడం. ఆ వెంటనే వచ్చిన గొంతు నాది.

నంద్యాలలో వినాయక చవితి పందిట్లో పాడిన పాట. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాస్టరు మా ఆర్కెస్ట్రాలో హార్మోనియం వాయించేవారు. నాకు పాట నేర్పింది ఆయనే. మా ఇంట్లో ఒప్పుకోకపోతే వాళ్ళ ఆవిడను తోడు తీసుకొచ్చి, మా నాయనతో మాట్లాడి నన్ను స్టేజీ ఎక్కించారు. ఇప్పటికీ నంద్యాలలో ఇంటి ముందు గదిలో కూర్చుని హార్మోనియాలు బాగుచేస్తుంటారు. ఆ గాయని అంటే ఆయనకూ పిచ్చే, ఆయనా ఆ గ్రూపులో ఉన్నారు. దాచుకున్న కాసెట్టును ఎవరిచేతనో ఫోన్లోకి ఎక్కించి, నాకు చెప్పకుండా పోటీకి పంపారు. జడ్జి నేనని ఆయనకు తెలియదు. నా గొంతు పోయిందనీ తెలియదు. ఒకసారి వచ్చి పాడిపో అని ఆయన పిలిచినప్పుడల్లా జలుబనో, అంగట్లో పనుందనో, పెళ్ళికి పోవాలనో చెబుతూ నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. ఆయన ఒక్కరి దగ్గరైనా నేను పాడే మనిషిగా మిగలాలని నా ఆశ.

మూడుసార్లు విన్నాను. మెట్లు లెక్కపెట్టాను. మిగతావాళ్ళు దరిదాపుల్లో కూడా లేరు. చరణం చివర ఆ పిల్ల పై షడ్జం దాటిపోయి, గాంధారం మీద నిలబడి, ఊపిరి ఉన్నంతసేపూ కదల్లేదు. ఏమీ దాచుకోకుండా పాడింది. నాకు ఆ పిల్ల మీద చెప్పలేనంత కుళ్ళు పుట్టింది.

కుళ్ళు ఒక్కటే అయితే తమాయించుకునేదాన్నేమో. భయం కూడా వేసింది. మొదట వచ్చిన ముగ్గురూ ఆదివారం వీడియో కాల్లో అందరి ముందూ పాడాలి. ఏడో నంబరు నెగ్గితే మాస్టరు నాకు ఫోన్ చేస్తారు, పాడమంటారు, అంతా బయటపడుతుంది. అందుకని టీచరుగారికి రాశాను: ఏడో నంబరు, పైమెట్లన్నీ దొంగగొంతు, లెక్కలోకి తీసుకోలేదు. అర నిమిషం పని. సాయంత్రానికి ఆయన దాన్ని ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టారు.

మరునాడు పొద్దున్నే మాస్టరు ఫోన్ చేశారు. క్షేమసమాచారాలు కూడా అడగలేదు. ఆయన ఎవరి మీదా కోప్పడగా నేను అంతవరకు వినలేదు.

"నీ పాట పోటీకి పంపించినా పాపా. ఎవురో చెవుల్లేని జడ్జి, నీది దొంగగొంతంట. ఆ మెట్టు మీద నా యేలుండె. నాకు తెల్దా? నువ్వొకసారి రా. ఈడ కూసోని పాడు, వాళ్ళకి పంపిద్దాం."

వస్తానన్నాను. ఇంకే అబద్ధమూ చేతికి అందలేదు. మా ఆయనతో మాస్టరును చూసొస్తానని చెప్పి నంద్యాల బస్సెక్కాను. దారి పొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూ పోయాను.

మాస్టరు బాగా చిక్కిపోయారు. చూపు తగ్గింది. నేను వెళ్ళేసరికి హార్మోనియం ముందు పెట్టుకుని, నా పాత శ్రుతి మీద వేలు పెట్టి ఎదురు చూస్తున్నారు. కూర్చోగానే చెప్పేశాను. ఆపరేషనూ, పోయిన మెట్లూ, జలుబుల అబద్ధాలూ అన్నీ. ఆయన నమ్మలేదు. పాడమన్నారు.

పాడాను. పల్లవి దాటి పైకి పోబోతే గొంతు తెగి గాలి వచ్చింది. ఆయన శ్రుతి ఒక మెట్టు దించారు. మళ్ళీ పాడాను. ఇంకో మెట్టు దించారు. అలా అయిదు మెట్లు దించాక గాలి కొట్టడం ఆపి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. నాలుగేళ్ళలో నా గొంతు పోయిందని తెలుసుకున్న మొదటి మనిషి ఆయన. ఆ బాధలోనే, ఎవరో ఒకరికి తెలిసిందన్న ఊరట కూడా కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు.

ఆయన జడ్జి మాట మాత్రం వదల్లేదు. పోయింది పోయింది, దానికి మనమేం చేస్తాం అన్నారు. ఉన్ననాటి గొంతును దొంగదంటే మాత్రం ఊరుకోకూడదట. ఎవరో కనుక్కోమన్నారు, తానే మాట్లాడతానన్నారు. కాసెట్టు మళ్ళీ వినిపిస్తాం, చెవులుంటే వింటాడు, లేకుంటే ఇంకొకరికి వినిపిస్తాం అంటూ పోతున్నారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి నా తరఫున ఎవరితోనో కొట్లాడటానికి సిద్ధమవుతుంటే, ఇక నోరు మూసుకుని ఉండలేకపోయాను.

"ఆ జడ్జిని నేనే మాస్టరూ."

ఆయన నా వైపు తిరిగి చూశారు. ఎంత కనిపించిందో తెలియదు. ఎందుకు అని అడిగితే చెప్పడానికి నా దగ్గర కుళ్ళూ, భయమూ ఉన్నాయి. ఆయన అడగలేదు.

"గొంతు పోయిందంటే పైనోడు తీసుకున్యాడనుకుంటి. ఇది నువ్వే తీసేస్తివి గదా పాపా."

తిట్టినా బాగుండేది. హార్మోనియం మీద గుడ్డ కప్పి, లోపలికి పోయి పడుకున్నారు. కాసేపు కూర్చుని వచ్చేశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దాపరికం లేకుండా గ్రూపులోనే రాశాను. జడ్జిని నేనే. ఏడో నంబరు మీద నేనిచ్చిన తీర్పు తప్పు. ఆ పైమెట్లన్నీ నిండు గొంతే. పోటీలో ఆ గొంతును మించింది లేదు. జనం మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు, పాట విని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. టీచరుగారు ఏడో నంబరును మొదటి స్థానానికి మార్చి, ఆవిడెవరో ఆదివారం తప్పకుండా పాడాలన్నారు. ఆవిడ ఇక పాడలేరని రాశాను. అయ్యో, చనిపోయారా అని దుబాయ్ నుంచి ఒకావిడ అడిగింది.

జవాబు రాయడం మొదలుపెట్టి, తుడిపేసి, మళ్ళీ మొదలుపెట్టాను. ఈలోగా ఎవరో దండం బొమ్మ పెట్టారు. దాని కింద ఇంకొకరు. శిరివెళ్ళ దాటేసరికి ఫోన్ నిండా దండాలే. ఆత్మకు శాంతి కలగాలని, ఇంత గొంతున్న మనిషిని చూడలేకపోయామని, వాళ్ళ ఇంట్లోవాళ్ళకు దేవుడు ధైర్యం ఇవ్వాలని రాస్తున్నారు. ఆ గొంతు పోయినందుకు అంతమంది బాధపడటం నేను అప్పుడే చూశాను. కాదని చెప్పలేదు.