వదిన అనే చుక్క

పక్కింటివాళ్ల పాల చీటీలో కూడా తప్పులు దిద్దే లెక్కల టీచరు, సెలవుల్లో ఊరికే కూర్చోలేక కంప్యూటర్లో కొత్త విద్య మొదలుపెట్టింది. ఎవరు ఎవరితో మాట్లాడతారో ఎక్కిస్తే సాఫ్ట్‌వేరు మనుషుల్ని చుక్కలుగా, మాటల్ని గీతలుగా గీస్తుంది. ఎక్కువ గీతలు చేరిన చుక్క లావెక్కుతుంది.

మొదటి ప్రయోగం అత్తింటి మీదే. "కష్టమొస్తే ముందు ఎవరికి చెప్పుకుంటారు?" అని అందరికీ ఫోన్లు చేసింది. మొగుణ్ణి మాత్రం వంటింట్లోంచే కేకేసి అడిగింది. ఎవరేమంటే అదే ఎక్కించింది.

తెర మధ్యలో గుమ్మడికాయంత చుక్క లేచింది. పేరు "వదిన". పెద్ద కోడలైన టీచరు ఉబ్బితబ్బిబ్బై ఆడపడుచును పిలిచి చూపించింది.

"నేను చెప్పింది మా ఆయన అక్క గురించి. తమ్ముడు చెప్పింది వాళ్లావిడ అక్క గురించి," అంది ఆడపడుచు. "వదినలందర్నీ ఒకే చుక్కలో కుక్కేశావేంటి వదినా!"

టీచరు పళ్లు నూరుతూ ఈసారి అసలు పేర్లతో ఎక్కించింది. ఆమె చుక్క ఆవగింజంతై ఓ మూలకు పోయింది. దానికి ఒకటే గీత, మొగుడి దగ్గర్నుంచి.

"పోన్లెండి, మీరైనా నా పేరు చెప్పారు," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆయన పేపరు దించలేదు. "కష్టం ఎవరని అడిగావనుకున్నానే."