నేల నెమలికి సాక్షి

లక్డారం మొగులయ్య కాపలా కాస్తున్న మూడెకరాలు ఒకప్పుడు మొగులయ్యవే. అప్పట్లో జొన్నచేనులోకి అడవిపందులు రాకుండా కాసేవాడు. ఇప్పుడు నీలం యూనిఫాం తొడుక్కుని, ఒక మందుల కంపెనీ తరఫున, తనలాంటి వాళ్లెవరూ లోపలికి రాకుండా కాస్తున్నాడు. ఈ హోదా మార్పును భూమి మాత్రం పట్టించుకోలేదు. కంపెనీ చుట్టూ గోడ కట్టి పద్నాలుగేళ్లుగా ఊరుకోవడంతో నడుమెత్తు గడ్డి పెంచుకుంది.

శ్రావణమాసం మొదట్లో ఓ పొద్దున ఆ గడ్డిలోంచి కప్ప అరిచినట్టు చప్పుడైంది. మొగులయ్య చేతిలోని రిజిస్టరు కింద పెట్టాడు. కప్ప నేల మీద అరుస్తుంది. ఇది మనిషెత్తున గాల్లో అరిచింది. చూస్తుండగానే నల్లటి పిట్ట ఒకటి నిలువునా లేచి, తెల్లరెక్కలు టపటపలాడించి, రాయిలా గడ్డిలో పడింది. తండ్రి చనిపోయిన ఏడాది చివరిసారి చూశాడు దాన్ని. మళ్లీ ఇదే.

ఎనిమిది రోజులు ఎవరికీ చెప్పలేదు, భార్య ముత్యమ్మకు తప్ప. ఉన్న ఒక్క నౌకరీని పిట్టపాలు చేస్తే ఇంట్లోకి రానివ్వనని ఆమె తీర్పు చెప్పింది. తొమ్మిదో రోజు గేటు దగ్గరికి తనుశ్రీ వచ్చింది. హైదరాబాదులో పక్షుల మీద పెద్ద చదువు చదువుతున్న పిల్ల. చెరువుకు దారి అడిగి, మాటల్లో పడి, ఫోన్లో పిట్టల బొమ్మలు చూపించింది. మొగులయ్య వేలు, మొగులయ్యను అడగకుండానే, ఒక బొమ్మ మీద ఆగింది.

“నేల నెమలి. గీ గడ్డిలనే ఉన్నది, బిడ్డా. నా పేరు మాత్రం జెప్పకు.”

ఆ పిల్ల గేటు సందులోంచి గడ్డిలోకి తొంగిచూసింది. ఈ ప్రాంతంలో ఆ పిట్ట అంతరించిపోయిందని పెద్దలు ఎప్పుడో తేల్చేశారట. ఆ సంగతి పిట్టదాకా చేరినట్టు లేదు.

రెండు పొద్దులు ఆమె గోడవతల మట్టికుప్ప మీద కెమెరాతో నిలబడింది. ముసురు పట్టింది. పిట్ట లేవలేదు. మూడోనాడు ఏడున్నరకల్లా గడ్డి చదును చేయడానికి జేసీబీ వచ్చి, కంపెనీ మనిషి కోసం గేటు దగ్గర ఆగింది. ఆమె పరుగున వెళ్లి అటవీశాఖ బీటు ఆఫీసరు రాములును బండి మీద వెంటబెట్టుకొచ్చింది. కళ్లారా చూస్తే పని ఆపమని అక్కడికక్కడే రాసిస్తానని, వినికిడి మీద రాస్తే తన నౌకరీ ఊడుతుందని రాములు ముందే చెప్పాడు. కంపెనీ అడ్మిన్ చంద్రకాంత్, దేన్నయినా చిరునవ్వుతో కాదనగల విద్వాంసుడు, గడువు ఇచ్చాడు: డ్రైవర్ చాయ్ తాగేదాకా.

బిహారు నుంచి వచ్చిన ఆ డ్రైవర్ కాగితం గ్లాసును రెండు వేళ్లతో పట్టుకుని ఊదుతున్నాడు. ఒక జాతి భవితవ్యం ఆ చాయ్ వేడి మీద ఆధారపడి ఉంది. గడ్డి కదల్లేదు. చాయ్ సగమైంది.

గేటు దగ్గర మొగులయ్య ఆ గ్లాసునే చూస్తున్నాడు. పిట్టను ఎలా లేపాలో అక్కడ అతనొక్కడికే తెలుసు. తన జాగాలోకి ఇంకో మగపిట్ట వస్తే అది ఓర్చుకోదు. తండ్రి పొదచాటున కూర్చుని, నల్లగుడ్డకు తెల్లపేలిక కట్టి పైకి విసిరేవాడు. అది రోషంతో లేచేది. పడ్డచోట ఉచ్చు ఉండేది. అంతా తెలుసు. నోరు మూసుకుంటే నౌకరీ ఉంటుందని కూడా తెలుసు.

డ్రైవర్ గ్లాసు వంచాడు.

మొగులయ్య టోపీ తీశాడు. ముదురు నీలం, దూరానికి నలుపే. జేబురుమాలు దానికి ముడేసి గడ్డిలోకి నడిచాడు.

“గేటిడిసి ఎటు వోతున్నవ్, మొగులయ్యా?” అన్నాడు చంద్రకాంత్.

పద్నాలుగేళ్లలో మొదటిసారి అతని కేకకు మొగులయ్య అడుగు ఆగలేదు. మొగులయ్య గడ్డిలో గొంతుక్కూర్చుని, కప్పలా ఓ కూత కూసి, టోపీ ఎగరేశాడు. ఏమీ లేదు. మళ్లీ ఎగరేశాడు. డ్రైవర్ గ్లాసు నలిపి పారేసి బండెక్కాడు. ఇంజను మోతలో కూత మునిగిపోయింది. మొగులయ్య లేచి చెయ్యెత్తాడు.

“రుకో భయ్యా!”

యూనిఫాం ఆపితే ఆగడం డ్రైవరుకు అలవాటు. ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో టోపీ మూడోసారి లేచింది. దాని పక్కనే, దానికంటే ఎత్తుకు, ఇంకేదో లేచింది. మట్టికుప్ప మీద కెమెరా టకటకలాడింది.

చంద్రకాంత్ ఫోటో చూసి నవ్వాడు. నల్లగా, తెల్లగా మసకమసక. “ఇది మా వాచ్‌మన్ టోపీ, రాములు గారూ. టోపీ కోసం పని ఆపుతరా?”

రాములు ఇరకాటంలో పడ్డాడు. తాను చూసింది కూడా అదేనేమోనని అనుమానం వచ్చింది. “తాతా, అది పిట్టనే అని నీకెట్ల ఎరుక? గీ విద్య యాడ నేర్సినవ్?”

వద్దన్నట్టు తనుశ్రీ తల అడ్డంగా ఊపింది. వేట నేరం. వేటాడిన చేతికి బేడీలు పడతాయో, తిన్న నోటికి పడతాయో మొగులయ్యకు తెలియదు. జేసీబీ తొండం గడ్డి మీద వేలాడుతోంది.

“మా నాయిన గిట్లనే వట్టెటోడు సార్. చిన్నగున్నప్పుడు నేను గూడ తిన్న. చెవులెనుక సన్నటి ఈకలుంటయ్, కొసలు చెంచా లెక్క. మా అమ్మ నా తలల జెక్కేది. టోపీకి గవి ఉండయ్ గద సార్.”

తనుశ్రీ బొమ్మను పెద్దది చేసింది. మసకలో మూడు సన్నటి ఈకలు, కొసన చెంచాలు.

రాములు కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. తినడం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. మొగులయ్య వైపు చూసి, గొంతు సవరించుకుని రాసింది పైకి చదివాడు: “సాక్షికి సదరు పక్షితో బాల్యం నుండి సన్నిహిత పరిచయము కలదు.” ఆ కింద, గడ్డిలోకి ఎవరూ అడుగు పెట్టరాదని రాసి సంతకం చేశాడు.

జేసీబీ వెనక్కి వెళ్లిపోయింది. గేటు వదిలిన సంగతి పై ఆఫీసుకు రాస్తానని చంద్రకాంత్ చిరునవ్వుతోనే చెప్పాడు. తర్వాత అతని చూపు మొగులయ్య బోడినెత్తి మీద ఆగింది.

“టోపీ ఏది?”

“గడ్డిల వడ్డది సార్. తెద్దామంటే లోపటికి పోవద్దని రాసిన్రు గద.”

చంద్రకాంత్ కాగితం వైపు చూశాడు. మొగులయ్య గేటు మూసి, రిజిస్టరు చేతికి తీసుకుని, గడ్డికి వీపు పెట్టి నిలబడ్డాడు. వెనకాల, మనిషెత్తున, కప్ప అరిచింది.